కల్తీ కల్లు తాగి పడుకున్నోళ్లు పొద్దుటికి లేస్తలేరు – ధర్మాబాద్, బిలోలి వైపు రాత్రిపూట ఏం చేయాలె?

ధర్మాబాద్_వాడ

అందరికీ నమస్తే. మాది మహారాష్ట్రల తెలంగాణ సరిహద్దుకు ఆనుకున్న నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకా. వాడంతా తెలుగోళ్లే. మిర్చి యార్డుల హమాలీ, ఇటుక బట్టీ, ఆడోళ్లకు బీడీలు. పని దిగినంక కొందరు తెలంగాణల ఉన్న బాసర దిక్కు, నవీపేట దిక్కు పోయి కల్లు తాగొస్తరు. కొందరికి సీసాలు ఇంటికే వస్తయి. అది చెట్టు కల్లు కాదని తాగెటోళ్లకూ ఎరుకే. మత్తు ఎక్కువైతే "పండనియ్యి, పొద్దుగాల్ల లేస్తడు" అంటరు. కొందరు లేస్తలేరు. కాయితం మీద మాత్రం గుండె ఆగింది అని రాస్తున్నరు.

మా యువక మండలి తరఫున అడుగుతున్న. మామూలు మత్తుకూ, పానం మీదికొచ్చిన మత్తుకూ తేడా ఎట్ల పట్టాలె? బండి వచ్చేలోపు ఏం చేయాలె? నాందేడ్ తీస్కపోవాల్నా, నిజామాబాదా? విరుగుడు మందేమన్న ఉంటే మండలిలో పెట్టుకుంటం. ఆ కాయితం సంగతి కూడా తెలిసినోళ్లు చెప్పండి.

---

రాత్రి_డ్యూటీ (ఎమర్జెన్సీ వార్డు నర్సు)

తమ్ముడూ, ముందు సీసాలో ఏముందో తెలిస్తే మిగతాది సులువు. కల్తీ కల్లులో ఎక్కువగా పట్టుబడేవి ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్. మొదటి రెండూ నిద్రమాత్రల జాతి. వేరేదేదీ కలవకుండా ఇవి మాత్రమే మింగితే చనిపోయేవాళ్లు తక్కువ. ఆల్కహాల్ తోడైతే లెక్క మారిపోతుంది. రెండూ కలిసి మెదడులో ఊపిరి నడిపే చోటును మందగింపజేస్తాయి. ఇంకో సంగతి, ఆల్ప్రాజోలం నీళ్లలో కరగదు. నాలుగైదు శాతం ఆల్కహాల్ ఉన్న కల్లులోనూ సరిగా కరగదు. పొడి అడుక్కి దిగుతుంది. అందుకే ఒకే డ్రమ్ములోంచి తాగినా పైది తాగినవాడు ఇంటికి నడిచిపోతాడు, అడుగుది తాగినవాడు అక్కడే పడిపోతాడు. "నేనూ అదే తాగిన, నాకేం కాలే" అన్న మాటకు అందుకే విలువ లేదు.

తేడా పట్టడానికి మూడు చూడండి. ముందు పేరు పెట్టి గట్టిగా పిలవండి. పలక్కపోతే భుజం మీద మెడకూ చేతికీ మధ్య ఉన్న కండను పట్టి గట్టిగా నొక్కండి. చెయ్యి విదిలించుకున్నా, తిట్టినా కొంత నయమే. అస్సలు కదలకపోతే అది నిద్ర కాదు. తర్వాత ఊపిరి లెక్క. చొక్కా ఎత్తి, పొట్ట, ఛాతీ పైకి లేవడం 30 సెకన్లు లెక్కబెట్టి రెండుతో హెచ్చవేయండి. మామూలుగా నిమిషానికి 12 నుంచి 20. పదికి తగ్గితే బండి పిలవాల్సిందే. ఎనిమిదికి తగ్గినా, మధ్యలో పది సెకన్లకు పైగా ఆగుతున్నా నోటితో ఊపిరి అందించాల్సిన స్థితి. మూడోది రంగు. మన ఒంటి రంగుకు నీలం పైకి కనబడదు. కింది పెదవి లోపలి వైపు తిప్పి చూడండి, గోళ్ల కింద చూడండి.

గురక గురించి విడిగా చెప్పాలి. ఇంట్లోవాళ్లు "గుర్రు పెట్టి నిద్రపోతున్నడు" అని తలుపు దగ్గరికేసి వెళ్లిపోతారు. లేపినా లేవని మనిషి గురక పెడుతున్నాడంటే నాలుక వెనక్కి జారి గొంతును సగం మూసిందని అర్థం. కాసేపటికి గురక ఆగితే "ఇప్పుడు ప్రశాంతంగా పండుకున్నడు" అనుకుంటారు. ఆ నిశ్శబ్దం దారి పూర్తిగా మూసుకుపోయినందువల్ల కావచ్చు. వెంటనే వెళ్లి చూడండి.

ఊపిరి ఆడుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కుడి మోకాలు మడిచి ముందుకు ఆనించండి, అప్పుడు బోర్లా పడడు, వెల్లకిలా దొర్లడు. కుడి అరచేతిని ఎడమ చెంప కింద పెట్టండి. గడ్డం కొంచెం పైకి, మూతి కొంచెం కిందికి ఉండాలి, వాంతి అయితే బయటికి కారిపోవాలి. నోట్లో గుట్కా, తంబాకు, కదిలే కట్టుడు పళ్లు కనబడితే తీసేయండి. కనబడనిదాని కోసం వేలు లోపలికి తోయొద్దు. ఒక మనిషి పక్కనే కూర్చుని ఐదు నిమిషాలకోసారి ఊపిరి లెక్క రాసుకోవాలి. లెక్క తగ్గుతూ పోతోందా అన్నదే డాక్టరుకు అన్నిటికన్నా పనికొచ్చే సమాచారం.

ఊపిరి ఆగి, మెడ దగ్గర నాడి కొట్టుకుంటుంటే తల వెనక్కి వంచి, ముక్కు మూసి, ఆరు సెకన్లకు ఒకసారి నోటితో ఊపిరి. నాడి కూడా దొరక్కపోతే, లేదా ఉందో లేదో తేలక పది సెకన్లు దాటితే, ఛాతీ మధ్యలో నొక్కుళ్లు: నిమిషానికి 100 నుంచి 120, ఐదు సెంటీమీటర్ల లోతు, 30 నొక్కుళ్లకు 2 ఊపిర్లు.

ఇక చేయకూడనివి, ఇవే ఎక్కువ మందిని చంపుతున్నాయి. ఉప్పునీళ్లు, నిమ్మరసం, మజ్జిగ, చింతపండు పులుసు, ఏదీ నోట్లో పోయొద్దు. వాంతి చేయించొద్దు. స్పృహ లేని మనిషికి మింగే శక్తి ఉండదు, పోసిందంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మత్తు దిగినా మూడో రోజు నిమ్ముతో పోతాడు. తల మీద బిందెలతో నీళ్లు గుమ్మరించడం కూడా వద్దు, ఒళ్లు చల్లబడి ఊపిరి ఇంకా మందగిస్తుంది.

మండలి కోసం కొనదగ్గవి రెండు: షుగర్ చూసే గ్లూకోమీటరు, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటరు. పొద్దుటి నుంచి తినకుండా తాగినవాళ్లలో షుగర్ పడిపోయి స్పృహ తప్పడం మామూలే, అది బయటికి అచ్చం మత్తులాగే ఉంటుంది. 70కి తగ్గితే తక్కువ, 54కి తగ్గితే ప్రమాదం. స్పృహ ఉండి మింగగలిగితేనే చక్కెర నీళ్లు. లేకుంటే ఆసుపత్రిలో నరం ద్వారా గ్లూకోజ్, దాంతోపాటే థయమిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్.

---

108_వెనక_సీటు (అంబులెన్స్ టెక్నీషియన్)

సిస్టర్ గారు చెప్పినదానికి బండి సంగతి కలుపుతున్నా.

సరిహద్దులో 108 కొడితే కాల్ ఎటు పోతుందన్నది మీ ఫోన్ పట్టిన టవర్‌ను బట్టి. మహారాష్ట్ర టవరైతే పుణే కంట్రోల్ రూము, తెలంగాణ టవరైతే హైదరాబాద్ వైపు. అందుకని మొదటి మాటే "జిల్లా నాందేడ్, తాలూకా ధర్మాబాద్" అని చెప్పాలి. ఊరి పేరు తర్వాత. రెండు దిక్కులా ఒకే పేరుతో ఊళ్లున్నాయి. మరాఠీలో మాట్లాడాల్సి వస్తే ఇది గోడ మీద రాసిపెట్టుకోండి: "మాణూస్ బేశుద్ధ ఆహే, శ్వాస కమీ ఆహే" (మనిషికి స్పృహ లేదు, ఊపిరి తక్కువుంది). "దారూ ప్యాలా" (మందు తాగాడు) అని మొదలుపెడితే అవతలివాళ్లకు అది తాగుబోతు కేసుగా వినబడుతుంది. ముందు ఊపిరి మాట చెప్పండి, కల్లు మాట తర్వాత.

బండి ఆలస్యమై సొంతంగా తీసుకెళ్లాల్సి వస్తే బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి మాత్రం వద్దు. తల ముందుకు వాలుతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది, గొంతు మూసుకుంటుంది. పది కిలోమీటర్లు పోయాక చూస్తే ఊపిరి ఉండదు, పట్టుకున్నవాడికి తెలియను కూడా తెలియదు. ఆటోలో కూర్చోబెట్టినా అంతే. జీపు, ట్రాలీ, గూడ్స్ ఆటో, ఏదైనా సరే పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల దగ్గర ఒకరు దవడ పైకెత్తి పట్టుకుని కూర్చోవాలి.

ఎటు పోవాలంటే, ముందు దగ్గర్లోని గ్రామీణ రుగ్ణాలయమే (సర్కారు గ్రామీణ ఆసుపత్రి). దెగ్లూర్ వైపువాళ్లకు అక్కడి ఉపజిల్లా రుగ్ణాలయం. అక్కడ వెంటిలేటర్ ఉండకపోవచ్చు. కానీ ఆక్సిజన్, నోరు శుభ్రం చేసే సక్షన్, నోట్లో పెట్టే గొట్టం, గాలి కొట్టే అంబూ బ్యాగు ఉంటే చాలు, దారిలో పోయే ప్రాణం నిలుస్తుంది. తర్వాత పెద్ద ఆసుపత్రి. ధర్మాబాద్ నుంచి నాందేడ్ విష్ణుపురి మెడికల్ కాలేజీ కంటే నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రే దగ్గర. బిలోలి వాళ్లకు సాలూరా మీదుగా బోధన్ దారి ఉంది. ఐతే ఒక రాష్ట్రం అంబులెన్సు రెండో రాష్ట్రంలోకి రెఫర్ చీటీ మీద తేలిగ్గా దాటదు. డ్యూటీ డాక్టరు నాందేడ్‌కే రాస్తారు. దగ్గరిది కావాలనుకుంటే ఆ మాట చీటీ రాయకముందే అడగాలి, రాశాక అడిగితే అరగంట పోతుంది.

ప్రభుత్వ ఆసుపత్రిలో అత్యవసర చికిత్సకు ఏ కార్డూ అక్కర్లేదు. ప్రైవేటులో అడ్వాన్స్ కట్టందే ముట్టుకోమంటే, 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఒకటుంది: ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలు తర్వాత, ఇది ప్రభుత్వ డాక్టరుకూ ప్రైవేటు డాక్టరుకూ ఒకటే. గొడవ పడకుండా ఆ మాట చెప్తే చాలాసార్లు పని అవుతుంది.

---

మందుల_కొట్టు

విరుగుడు సంగతి. పొరపాటున కూడా ఫ్లుమజెనిల్ అనే ఇంజెక్షన్ వెతకొద్దు, వేయమని డాక్టరును ఒత్తిడి చేయొద్దు. నిద్రమాత్రల మత్తును అది దించే మాట నిజమే. కానీ రోజూ తాగే మనిషికి వేస్తే ఒక్కసారిగా మందు పీకేసినట్టయి ఫిట్స్ వస్తాయి, ఆ ఫిట్స్ ఆపే మందు కూడా అప్పుడు పని చేయదు. పైగా గంటలో దాని పవర్ దిగిపోయి మనిషి మళ్లీ మత్తులోకి జారిపోతాడు. కల్తీ కల్లుకు అసలు వైద్యం ఊపిరి కాపాడటమే. శరీరం తనంతట తాను మందును తోసేసేదాకా ఆక్సిజన్, అవసరమైతే వెంటిలేటర్. ఆల్ప్రాజోలం సగం దిగడానికే సుమారు 11 గంటలు. డైజిపాం ఐతే రోజుల లెక్క.

నాలాక్సోన్ వేరు. అది హెరాయిన్, మార్ఫిన్, ట్రమడాల్, కోడీన్ దగ్గు మందుల జాతికి విరుగుడు. 0.4 మిల్లీగ్రాముల ఆంపుల్, కండకైనా నరానికైనా, రెండు మూడు నిమిషాలకు స్పందన లేకపోతే మళ్లీ. పవర్ 30 నుంచి 90 నిమిషాలే ఉంటుంది కనుక లేచి కూర్చున్నా ఇంటికి పంపకూడదు. జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది, చీటీ లేకుండా ఇవ్వరు. కల్లుకు మాత్రం పని చేయదు.

ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది? టార్చి వేసి కంటిపాప చూడండి. నిద్రమాత్రల మత్తులో పాప మామూలుగానో కొంచెం పెద్దగానో ఉంటుంది. సూదిమొన అంత చిన్నదైతే రెండు అనుమానాలు. నోరు పొడిగా, ఒళ్లు పొడిగా ఉంటే మార్ఫిన్ జాతి. నోటి నుంచి సొల్లు, నురగ, ఒళ్లంతా చెమట, బట్టల్లో మూత్రం, వెల్లుల్లి లాంటి వాసన ఉంటే పురుగుల మందు. పత్తి, సోయా వేసే తాలూకాలు మనవి, ఇది మరిచిపోకూడదు. దానికి అట్రోపిన్ కావాలి. బట్టలు విప్పి, చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని సబ్బుతో ఒళ్లు కడగాలి, నోటితో ఊపిరి ఇవ్వకూడదు.

ఇంకోటి: తాగిన మర్నాడు చూపు మసక, మంచు కమ్మినట్టు, కడుపులో నొప్పి అంటే అది మిథనాల్. కల్లులో కంటే నాటు సారాలో వస్తుంది. కళ్లు, ప్రాణం రెండూ గంటల్లో పోతాయి. డయాలిసిస్ ఉన్న చోటికే పోవాలి.

---

రాత్రి_డ్యూటీ

పై పోస్టుకు ఒక చేర్పు. సీసాకు పండిన బేరిపండు లాంటి ఘాటు వాసన ఉంటే, తాగినవాడి నాడి ఎగుడుదిగుడుగా కొట్టుకుంటుంటే డాక్టరుకు "క్లోరల్ హైడ్రేట్ కావచ్చు" అని చెప్పండి. అది గుండె లయను చెడగొడుతుంది, దాంట్లో అడ్రినలిన్ ఇస్తే ఇంకా చెడుతుంది. సీసా వెంట తీసుకెళ్లడం ఇందుకే.

---

ఇందూరు_కౌన్సెలర్

అందరూ ఎక్కువ తాగడం గురించే రాస్తున్నరు. ఆపినప్పుడు పోయే పానాల మాటేంది? తెలంగాణల 2015 సెప్టెంబర్‌లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు, 2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డప్పుడు నిజామాబాద్ ఆసుపత్రి, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఒక్కసారిగా నిండిపోయినయి. మీ మండలి ఉత్సాహంతోటి "రేపటి నుంచి కల్లు బంద్" అని తీర్మానం చేస్తే మూడు దినాలల్ల మీ వాడల గదే అయితది.

ఆల్ప్రాజోలం ఆగిన ఒకటి రెండు దినాలకు చేతులు వణుకుడు, చెమటలు, నిద్ర లేకపోవుడు. తర్వాత లేనివి కనబడుడు, బట్టలు పీక్కొనుడు, పొంతన లేని మాటలు, ఫిట్స్. డైజిపాం ఐతే వారం తర్వాత కూడా మొదలైతది, అందుకే "ఆపి ఆరు దినాలైంది, ఇంక భయం లేదు" అనుకోవద్దు. ఇంట్లోళ్లు గాలి సోకిందని గుడికో దర్గాకో తీస్కపోయి కట్టేస్తరు. కట్టేస్తే ఒంట్ల నీళ్లు పోయి జల్ది పోతడు.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పుర్రి, టైము చూడుర్రి. తాళంచెవులు, ఉల్లిగడ్డ, చెంచా ఏవీ వద్దు. ఐదు నిమిషాలు దాటినా, మధ్యల తెలివి రాకుండ రెండోది వచ్చినా ఎమర్జెన్సీ. ఆసుపత్రిల డైజిపామో లోరాజిపామో ఇచ్చి నిలబెట్టి, తర్వాత వారాల తరబడి కొంచెం కొంచెం తగ్గిస్తరు. ఈ తగ్గించుడు డాక్టరు చేతుల ఉండాలె. మెడికల్ షాపుల మాత్రలు కొని సొంత లెక్కల తగ్గిస్తే ఒక మత్తు పోయి ఇంకోటి మొదలు.

మానాలనుకునేటోళ్లను ముందు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టరుకు చూపించుర్రి. మానసిక ఆరోగ్యానికి సర్కారు ఫోన్ సాయం టెలీ మానస్ 14416, తెలుగుల మాట్లాడుతరు. మత్తు వదిలించే జాతీయ హెల్ప్‌లైన్ 14446.

అందరికన్నా ఎక్కువ రిస్కు ఎవరికంటే, నెల రెండు నెలలు మానేసి మళ్ల మొదలువెట్టినోనికి. డీ-అడిక్షన్ సెంటర్ నుంచి వచ్చినోడు, జైలు నుంచి వచ్చినోడు, బట్టీ పనికి పోయి సీజన్ అయినంక తిరిగొచ్చినోడు. ఒంటికి అలవాటు తప్పి ఉంటది, చెయ్యి మాత్రం పాత లెక్కనే తాగుతది. మానకముందు ఐదు సీసాలు తట్టుకున్నోడు ఇప్పుడు రెండిటికే పడిపోతడు. అసొంటోళ్లు ఊర్లకు వచ్చిన మొదటి వారం మీద కన్నేసి ఉంచుర్రి.

---

పంచనామా (మరణ ధ్రువీకరణ పనిలో ఉన్నవాడిని)

కాగితం సంగతి అడిగారు. అదే అసలు చిక్కు.

మరణ కారణం ఆసుపత్రిలో ఐతే ఫారం 4, ఇంటి దగ్గర ఐతే ఫారం 4ఎ మీద డాక్టరు రాయాలి. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసినవి 22.5 శాతమే. మిగతావాటికి డాక్టరు రాసిన కారణమే లేదు. రాసిన వాటిలో కూడా "గుండె, శ్వాస ఆగి" అని ఉంటే అది కారణం కాదు. చనిపోయిన ప్రతివాడికీ గుండె ఆగుతుంది. కారణం గడిలో ఏ పదార్థం వల్ల అన్నది ఉండాలి. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) లెక్కలో 2022లో దేశం మొత్తం మీద డ్రగ్స్ మోతాదు మించి పోయినవాళ్లు 681 మంది. 2019 జాతీయ సర్వే ప్రకారం మత్తు మాత్రల జాతి వాడేవాళ్లు 10 నుంచి 75 ఏళ్ల జనాభాలో 1.08 శాతం, అంటే కోటికి పైనే. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే ఎంత లెక్కకు రావట్లేదో మీకే అర్థమవుతుంది.

సరిహద్దుది ఇంకో మెలిక. మరణం ఎక్కడ జరిగితే అక్కడే రిజిస్టరవుతుంది. తాగింది బాసర దగ్గర, పడిపోయింది ధర్మాబాద్‌లో, పోయింది నిజామాబాద్‌లో ఐతే ఆ మరణం నిజామాబాద్ పుస్తకంలో ఉంటుంది. నాందేడ్ ఆరోగ్య శాఖ దగ్గర మీ వాడకు సున్నా. సున్నా ఉన్న వాడకు ఆక్సిజన్, మందులు, కౌన్సెలరు ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు. అందుకే మండలి సొంత పుస్తకం ఒకటి పెట్టాలి: వయసు, ఆడా మగా, పడిపోయిన టైము, ఆసుపత్రికి చేరిన టైము, తాగింది ఎక్కడిది, చనిపోయిన చోటు, కాగితం మీద రాసిన కారణం. పేర్లు అక్కర్లేదు. ఆరు నెలలకోసారి తాలూకా ఆరోగ్య అధికారికి అర్జీతో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

అనుమానం ఉంటే పోలీసుకు చెప్పాలి, బీఎన్‌ఎస్‌ఎస్ (నేర విచారణ పద్ధతి చట్టం) 194వ సెక్షన్ కింద పంచనామా, పోస్టుమార్టం అవుతాయి. కడుపు, కాలేయం, మూత్రపిండాల ముక్కలు ఉప్పు ద్రావణంలో, రక్తం విడిగా సోడియం ఫ్లోరైడ్ కలిపిన సీసాలో తీస్తారు. ఇక్కడ తప్పు జరిగే చోటు ఒకటుంది. ల్యాబు అడిగినదే వెతుకుతుంది. ల్యాబుకు పంపే ఫారం మీద "విషం ఉందా" అని మాత్రమే రాస్తే పురుగుల మందు, ఆల్కహాల్ చూసి ముగించవచ్చు. ఆల్ప్రాజోలం రక్తంలో మిల్లీలీటరుకు నానోగ్రాముల లెక్కలో ఉంటుంది, మామూలు పరీక్షకు దొరకదు. "బెంజోడయాజెపైన్లు (ఆల్ప్రాజోలం, డైజిపాం జాతి), క్లోరల్ హైడ్రేట్ కూడా చూడాలి" అని దర్యాప్తు అధికారితో రాయించండి. మిగిలిన కల్లు మీరు వేరే డబ్బాలోకి మార్చొద్దు, మూత బిగించి నిలువుగా పెట్టి పంచుల (సాక్షుల) ముందు పోలీసుకు అప్పజెప్పండి. పొడి అడుక్కి దిగుతుందని సిస్టర్ గారు చెప్పారు కదా, పైపైన ఒంపిన శాంపిల్‌లో ఏమీ రాకపోవచ్చు.

కేసు భయంతో ఆసుపత్రికి రానివాళ్లు ఎక్కువ. తాగినవాడిని ఆసుపత్రికి తెచ్చినందుకు తెచ్చినవాడి మీద కేసు ఉండదు. ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) అంటే ఆసుపత్రి నుంచి పోలీసుకు పోయే సమాచారం మాత్రమే. ఆల్ప్రాజోలం ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల) చట్టం కిందికి వస్తుంది నిజమే, ఆ దెబ్బ ప్రధానంగా కలిపేవాడికీ అమ్మేవాడికీ. అలవాటు పడ్డవాడు తనంతట తాను చికిత్సకు వస్తే అదే చట్టంలో 64ఎ సెక్షన్ రక్షణ ఉంది.

---

ధర్మాబాద్_వాడ

అందరికీ దండాలు. రెండు సందేహాలు. ఆక్సీమీటర్ల 97 చూపిస్తే ఊపిరి లెక్కబెట్టకున్నా నడుస్తదా? ఆడోళ్ల గోళ్లకు గోరింటాకు ఉంటే?

---

రాత్రి_డ్యూటీ

నడవదు. ముఖ్యంగా ఆక్సిజన్ పెట్టాక 97, 98 చూపిస్తూనే ఊపిరి నిమిషానికి ఆరుకు పడిపోవచ్చు. ఆక్సిజన్ లోపలికి పోతుంటుంది, బొగ్గుపులుసు గాలి బయటికి రాక రక్తంలో పేరుకుంటుంది. అది ఆక్సీమీటరుకు కనబడదు. మిషన్ ఉన్నా లేకున్నా ఊపిరి లెక్కబెట్టాల్సిందే.

గోరింటాకు, గోళ్ల రంగు ఉంటే వేలికి అడ్డంగా, పక్కల నుంచి పట్టేలా పెట్టండి, లేదా చెవి తమ్మెకు. బీడీలు చుట్టే చేతులు చల్లగా ఉంటే ముందు రుద్ది వేడి చేయండి. అంకె నిలకడగా నిలవడానికి అర నిమిషం ఆగండి. మిషన్ మీద నాడి అంకె కూడా ఉంటుంది, మీరు మణికట్టు దగ్గర చూసిన నాడితో అది కలవకపోతే పైన ఉన్న ఆక్సిజన్ అంకెను నమ్మొద్దు.